మాట్లాడని నెంబరు

"ఒక మనిషికి నాన్నలు ఎంతమంది ఉంటారు మేడమ్?" అన్నాడు డ్రైవరు, కంప్యూటరమ్మ వెనకనుంచి తెరలోకి తొంగిచూస్తూ.

"ఒక్కడే. ఇద్దరున్నా బయటికి చెప్పుకోరు," అంది కొత్తమ్మాయి, ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని.

"మరి ఈవిడగారికి పదకొండు మంది కనిపిస్తున్నారే! అమ్మలు ఇంకో ఆరుగురు."

కంప్యూటరమ్మ నవ్వలేదు. ఆమె అసలు పేరు ఆ సెంటర్లో ఎవరూ వాడరు. వెబ్‌సైటు చూసుకునేది ఆమె ఒక్కతే కాబట్టి కంప్యూటరమ్మ అయిపోయింది. కిడ్నీలు పాడైనవాళ్ళు వారానికి మూడుసార్లు వచ్చి, మిషన్ పక్కన మంచం మీద పడుకుని, రక్తం కడిగించుకుని వెళ్ళే సెంటరు అది. సొంతంగా రాలేనివాళ్ళ కోసం వ్యాన్లున్నాయి. ఆవేళ ఎవరెవర్ని ఎక్కించుకోవాలో పొద్దున్నే వ్యాన్ గదిలో తెర మీదికి వస్తుంది. మనిషిని ఎక్కించుకోగానే ఇంట్లోవాళ్ళకి మెసేజ్ పోతుంది, మీ నాన్నగారిని వ్యాన్ ఎక్కించాం అని. దింపగానే ఇంకోటి, మీ నాన్నగారు క్షేమంగా ఇంటికి చేరారు అని.

ఇప్పుడు ఆ మెసేజ్‌లతోనే తంటా వచ్చింది. ఒకే నెంబరుకి రోజూ గుట్టలుగా పోతున్నాయి, ఇలాగైతే మీ మెసేజ్‌లన్నీ ఆపేస్తాం అని మెసేజ్ కంపెనీవాళ్ళు ఘాటుగా రాశారు. మేనేజరు సారు ఆ కాగితం తెచ్చి ఆమె కీబోర్డు మీద పెట్టాడు.

"ఎవరో మనతో ఆడుకుంటున్నారమ్మా. ఒక నెంబరు ఒక్క మనిషికే ఉండాలి. మిగతావి ఏరి పారెయ్. ఈ వారంలో అయిపోవాలి."

ఆమె ఏరింది. పదిహేడు మంది ముసలివాళ్ళకి బంధువు గడిలో ఒకటే నెంబరు. పక్కన చుట్టరికం గడిలో అందరికీ 'కూతురు' అనే ఉంది.

"ఆ నెంబరా?" డ్రైవరు చెయ్యి చటుక్కున నోటిదగ్గరికి పోయింది. "అది నాకు తెలుసు మేడమ్. మన గంట తాత లేడూ, ఆయన తలుపు తీయకపోతే ఆ నెంబరుకే చేస్తా. ఎత్తుతారు. మాట్లాడరు. హలో హలో అని నేనే అరిచి, తాత తలుపు తీయట్లేదండీ అని చెప్పి పెట్టేస్తా. కాసేపటికి తలుపు తెరుచుకుంటుంది."

"ఎవరు తెరుస్తారు?"

"లోపల్నుంచి తాతే. ఎవరో లేపినట్టు కళ్ళు నులుముకుంటూ వస్తాడు."

కంప్యూటరమ్మ నెంబరు నొక్కింది. మోగింది. ఎవరో ఎత్తారు. అవతల టకటకటక అని ఏదో చప్పుడు, ఆగింది. ఊపిరి వినిపించింది.

"హలో అండీ, డయాలసిస్ సెంటర్ నుంచి. ఎవరు మాట్లాడుతున్నారు?"

ఊపిరి మాత్రమే. తర్వాత పెట్టేశారు.

కొత్తమ్మాయి తన ఫోను పక్కనపెట్టి దగ్గరికొచ్చింది. తెర మీద నెంబరు చివరి అంకెలు చూసి, మళ్ళీ చూసి, రెండడుగులు వెనక్కి వేసింది.

"అక్కా... ఇది వ్యాన్ అక్క నెంబరు. పని నేర్చుకునేటప్పుడు రోజూ దీనికే చేసేదాన్ని."

వ్యాన్ అక్క అంటే ఈ గదిలో ఇదివరకు కూర్చున్న మనిషి. వానలప్పుడు జ్వరమొచ్చి, వారం తిరక్కుండానే పోయింది. ఆమె కుర్చీ ఇంకా కిటికీ పక్కనే ఉంది, గళ్ళ గుడ్డతో కుట్టిన మెత్త దాని మీదే ఉంది. కొత్తమ్మాయి ఆ కుర్చీలో కూర్చోదు, స్టూలు తెచ్చుకుంది. నడుం నొప్పని రోజూ మూలుగుతుంది గానీ కుర్చీ జోలికి పోదు.

కంప్యూటరమ్మ మెసేజ్‌ల పట్టిక తెరిచింది. పంపినవి, అందినవి, చదివినవి. ఆ నెంబరు పక్కన ప్రతి పొద్దునా 'చదివారు' అనే ఉంది. వానలు పోయి ఎండలు ముదిరాయి, వ్యాన్ అక్క పోయి ఇంతకాలమైంది. నిన్న కూడా చదివారు. మొన్న ఒకదానికి 'సరే' అని జవాబు కూడా ఉంది.

"బాబోయ్," అన్నాడు డ్రైవరు. "నేను ఇన్నాళ్ళూ మాట్లాడింది ఎవరితో?"

"చాల్లే. ఆ సిమ్ము ఇంకెవరికో ఇచ్చుంటారు," అంది కంప్యూటరమ్మ. తనకు తానే చెప్పుకున్నట్టు అంది.

తుడిచేసేముందు ఆ వరసలు ఎన్నున్నాయో ఒకసారి లెక్క అడగడం ఆమె అలవాటు. అడిగింది. పదిహేడు. లైను చివర ఒక్క మాట మారిస్తే లెక్కపెట్టే లైనే తుడిచేసే లైనవుతుంది. మార్చింది. పాత కాపీ పక్కన పెట్టుకుంది, చేతులు వెనక్కి తీసుకుంది, మళ్ళీ ముందుకు చాపి మీట నొక్కింది. పదిహేడు వరసలు పోయాయి. చచ్చినవాళ్ళ నెంబరు ఉంచుకుని ఏం చేస్తాం అనుకుంది. అనుకున్నాక అరచేతులు చీర చెంగుకి తుడుచుకుంది, తడి లేకపోయినా.

సోమవారం ఆమె వచ్చేసరికి డ్రైవరు వ్యాన్ బానెట్ మీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు.

"ఈవేళ తేలిగ్గా అయిపోయింది మేడమ్. సగం ఊరు పడుకుందేమో!"

లోపలినుంచి నర్సు పరుగులాంటి నడకతో వచ్చింది. లావుపాటి మనిషి, ఎప్పుడూ నవ్వుతూ తిట్టే మనిషి. ఇప్పుడు నవ్వు లేదు.

"నా మంచాలు ఖాళీగా ఉన్నాయే, నా ముసలాళ్ళేరి? గంట తాతేడీ?"

"రాలేదని పడింది సిస్టర్," అంది కొత్తమ్మాయి.

"రాలేదా, తేలేదా? ఇవాళ తప్పితే వాళ్ళ ఒంట్లో నీళ్ళు నిండిపోతాయి. ఊపిరాడదు. శని, ఆది వారాలు ఎలాగూ కడగలేదు. మూడుసార్లు రాకపోతే మంచం ఇంకొకరికిచ్చేస్తుంది మీ మాయదారి మిషను. అది తెలుసా మీకు?"

గంట తాత అంటే బడిలో గంటకొట్టి కొట్టి రిటైరైన మనిషి. మిషన్ పక్కన పడుకుని పక్క మంచాలవాళ్ళకి ఇంటర్వెల్ బెల్లు నోటితో కొడతాడు. అందరూ నవ్వుతారు.

కంప్యూటరమ్మ కూర్చుంది. రోగుల పట్టికలో గంట తాత ఉన్నాడు. ఫొటో ఉంది, ఇల్లు ఉంది, మంచం నెంబరుంది. వ్యాన్ తెర మీద లేడు. మిగతా పదహారు మందీ అంతే. ఒక తలుపులోంచి చూస్తే ఉన్నారు, ఇంకో తలుపులోంచి చూస్తే లేరు. వాళ్ళ పేర్లు ఆమె తుడవలేదు. తుడిచింది కూతురి నెంబరొక్కటే.

ఆ వెబ్‌సైటు కట్టిన ఫ్రేమ్‌వర్కులో, అంటే ముందే సిద్ధంగా దొరికే చట్రంలో, ఒక సుఖముంది. పట్టికలన్నీ దాచుకునే డేటాబేస్‌ని దాని భాషలో అడగక్కర్లేదు. పొట్టిగా ఒక లైను రాస్తే అసలు ప్రశ్న అదే తయారుచేసుకుని, అడిగి, జవాబు తెచ్చి చేతిలో పెడుతుంది. వంటమనిషి ఉన్న ఇల్లు లాంటిది. కూర బాగున్నంతకాలం వంటింట్లోకి ఎవరూ తొంగిచూడరు. వ్యాన్ తెర వెనకాల లైను ఎవరు రాశారో ఏమో, ఆమె రాకముందు నుంచీ అలాగే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

ఆమె ఆ లైను అడిగే అసలు ప్రశ్నని బయటికి తీసి, వేలు తెర మీద పెట్టి చదివింది. రోగుల పట్టికని బంధువుల పట్టికతో కలుపు, ఇద్దరూ జతపడిన చోటే చూపించు. అంతే ఉంది. మెసేజ్ ఎవరికి పోతుందో కూడా అదే తెర మీద కనబడితే బాగుంటుందని ఎవరో మంచికే కలిపారు. గుమ్మం ముందు చెప్పుల జతలు మాత్రమే లెక్కపెట్టేవాడికి ఒంటి చెప్పు కనబడదు. బంధువు గడి ఖాళీగా ఉన్న మనిషి వ్యాన్ తెర మీదికే రాడు. ఎవరూ లేనివాడిని అసలు లేనివాడిగా చూసింది ఆ లైను.

"శనివారం తుడిచినవి వెనక్కి పెట్టేస్తున్నా," అంది ఆమె. "వ్యాన్లు మళ్ళీ తియ్యమను. అన్నీ."

పాత కాపీలోంచి పదిహేడు వరసలూ తిరిగి ఎక్కుతుండగానే బయట స్కూటరు చప్పుడు. నర్సు కేక. కిటికీలోంచి చూస్తే, మెడలో టేపు వేలాడేసుకున్న ఒక బక్కపల్చటి మనిషి, స్కూటరు వెనక కూర్చున్న గంట తాతని రెండు చేతులతో దింపుతున్నాడు. తాత పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టలేదు, ఉత్తకాళ్ళతో ఉన్నాడు. ఊపిరికి భుజాలు ఎగిరిపడుతున్నాయి. అయినా నర్సుని చూసి "టంగ్ టంగ్" అన్నాడు, నీరసంగా.

"మూసుకో తాతా నోరు," అంది నర్సు, కళ్ళు తుడుచుకుంటూ చక్రాల కుర్చీ తోసింది.

ఆ బక్కమనిషి నేరుగా వ్యాన్ గదిలోకి వచ్చాడు. కిటికీ పక్క కుర్చీ చూశాడు. చూపు మళ్ళించుకున్నాడు.

"ఎందుకు పంపలేదమ్మా వ్యాన్? పొద్దున ఒక్క మెసేజూ రాలేదు. వ్యాన్ వచ్చే పొద్దున ఆ ఫోను మోగకపోవడం ఇదే మొదటిసారి. ఏదో అయిందని మిషన్ మీద గుడ్డ అలాగే వదిలేసి వాళ్ళ ఇళ్ళ వెంట తిరిగాను. గంట మామ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, వ్యాన్ వస్తుందని. ఇంకా పెద్ద వీధిలో అత్తమ్మ ఉంది, ఆవిణ్ణి స్కూటరెక్కించలేను..."

"వ్యాన్ వెళ్ళిందండీ. ఇంకోటి ఇప్పుడే బయల్దేరుతోంది. అందర్నీ తెస్తారు." ఆమె నిలబడింది. "మీరు..."

"టైలర్ని. ఇక్కడ కూర్చునేదే, మా ఆవిడ." కుర్చీ వైపు చూడకుండా గడ్డంతో చూపించాడు. "శనివారం ఫోన్ చేసింది మీరేనా?"

"నేనే. మీరు మాట్లాడలేదు."

"ఆవిడ ఫోను కదమ్మా. ఎత్తుతాను గానీ మాట్లాడను. హలో అంటే నా గొంతు వినబడుతుంది. ఆవిడ లేదని అవతలివాళ్ళకి తెలిసిపోతుంది. మాట్లాడనంతసేపూ..." ఆగిపోయాడు. టేపు కొసని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. "డ్రైవరు తలుపు తీయట్లేదంటాడు. నా ఫోనులోంచి పక్కింటివాళ్ళకి చేసి లేపమంటాను."

తాళాలు తీసుకుని బయల్దేరుతున్న డ్రైవరు గుమ్మంలో ఆగాడు. తల గోక్కుని వ్యాన్ వైపు పరుగెత్తాడు.

మేనేజరు సారు వచ్చి అంతా విన్నాడు. నుదురు ముడేశాడు. "అది కాదయ్యా, మీ ఆవిడ ఇలా దొంగ కూతుళ్ళని రాయడమేంటి? ఒక మాట మాతో చెప్పొద్దూ?"

"చెప్పింది సార్." టైలరు గొంతు పెంచలేదు. "ఎవరూ లేనివాళ్ళు తెర మీద కనబడట్లేదు అని చెప్పింది. రెండుసార్లు చెప్పింది. గళ్ళు ఖాళీ వదిలితే అంతే, ఏదో ఒకటి నింపండి అన్నారట. ఇంటికొచ్చి నాతో అంది, ఏం నింపను, వాళ్ళకెవరూ లేరయ్యే అని. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు తన నెంబరు నింపేసింది. నేను వేళాకోళం చేశాను. మామ లేని పిల్లని చేసుకున్నావురా, మర్యాదలు చేసేవాళ్ళు లేరు అని పెళ్ళిలో మావాళ్ళు నన్ను ఎగతాళి చేశారు, ఇప్పుడు చూడవే, ఒక్క గడి నింపి ఇంతమంది మామల్ని తెచ్చావు, ఒక్కడూ పండక్కి బట్టలు పెట్టడు గదా అని."

మేనేజరు సారు చేతి గడియారం పట్టీ విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఖాళీ వదలొద్దు అన్నది నేనే," అని వార్డులోకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం దాకా ఆయన గంట తాత మంచం దగ్గరే నిలబడి ఉన్నాడని కొత్తమ్మాయి చెప్పింది.

బుధవారం కంప్యూటరమ్మ ఆ లైను మార్చింది. నిజానికి మారింది చిటికెడు. జత దొరికినా దొరక్కపోయినా మనిషిని చూపించు. అంతే. సరిచూడటానికి పరీక్షల ఫైలు తెరిచింది. కొత్తగా ఏది మార్చినా ముందు దొంగ రోగుల మీద నడిపి చూస్తారు, ఆ దొంగ రోగులందరూ అందులో ఉంటారు. ఒక్కొక్కర్నీ చూసుకుంటూ పోయింది. దొంగ తాతకి దొంగ కొడుకున్నాడు. దొంగ అవ్వకి దొంగ కూతురుంది. ఇన్నేళ్ళలో ఎవరూ లేని మనిషిని ఒక్కణ్ణి కూడా ఎవరూ ఊహించలేదు.

ఆమె ఒకణ్ణి తయారుచేసింది. పేరు దగ్గర 'ఒంటరి' అని కొట్టింది. బంధువు గడి ఖాళీగా వదిలింది. పాత లైను నడిపితే ఒంటరి రాలేదు. కొత్త లైను నడిపితే వచ్చాడు, అందరితోపాటు వరసలో, పక్కన ఖాళీ గడితో. ఆ ఖాళీ గడిని ఆమె చాలాసేపు చూసింది. ఈ ఖాళీలోనే ఒక మనిషి ఇన్నాళ్ళూ కూర్చుంది కదా అనిపించింది. కిటికీ వైపు తిరగబుద్ధి కాలేదు. ఎవరో అక్కడినుంచి తన పని చూస్తున్నట్టుంది. కోపంగా కాదు, పని నేర్పినవాళ్ళు చూసినట్టు.

సాయంత్రం మేనేజరు సారు వచ్చాడు. ఈసారి కాగితం కీబోర్డు మీద పెట్టలేదు, చేత్తోనే పట్టుకున్నాడు.

"వ్యాన్ ఇక అందరికీ వస్తుందన్నావు కదమ్మా. అయితే ఆ నెంబరుతో పని లేదు. నాకూ తీయాలని లేదు. కానీ మెసేజ్ కంపెనీవాళ్ళు ఆపేస్తే అసలు కూతుళ్ళకి కూడా పోవు."

"రేపు ఆయనకి చెప్పి తీస్తాను సార్. చెప్పకుండా తీసి చూశాం కదా."

టైలరు కొట్టు ఒక గది. ముందు మిషను, వెనక వేలాడే బట్టలు, గోడకి బోర్డు మీద సుద్దతో కొలతలు. మిషను పక్క చిన్న బల్ల మీద పాత ఫోను, చార్జరు పెట్టి ఉంది. కింద గళ్ళ గుడ్డ మడిచి ఉంది. ఆ గుడ్డని ఆమె గుర్తుపట్టింది.

"కూర్చో అమ్మా. ఆ కుర్చీ మీద బట్టలు కింద పెట్టెయ్."

ఆమె కూర్చుని చెప్పింది. వ్యాన్ తెర బాగైంది. ఇక ఎవరి నెంబరూ లేకపోయినా వ్యాన్ వస్తుంది. కాబట్టి మెసేజ్‌లు...

టైలరు గుడ్డ కుడుతూనే విన్నాడు. టకటకటక. కొస దాకా వెళ్ళాక ఆపాడు, దారం పంటితో కొరికాడు.

"మంచిదే. ఇదే కావాలని మొత్తుకుంది ఆవిడ. తీసెయ్యండి."

"మీకు..."

"నాకేముందమ్మా. పొద్దునే ఫోను కూస్తుంది. మీ నాన్నగారిని ఎక్కించాం అంటుంది. ఒకదాని వెనక ఒకటి. ఇంట్లో ఆవిడ ఉన్నట్టే ఉంటుంది. ఆవిడకే కదా చెప్తోంది, మీ నాన్నగారు అని. నేను చదివి, పైకి అంటాను, ఇదిగో, గంట మామ ఎక్కాడు, పెద్ద వీధి అత్తమ్మ ఎక్కింది అని." ఫోను తీసి గుడ్డతో అద్దం తుడిచాడు. "పిచ్చిపని. తీసెయ్యండి. ఒక్కటి మాత్రం చెప్పండి. వ్యాన్ వస్తుంది సరే. మామ తలుపు తీయకపోతే ఎవరికి చేస్తారు?"

కొత్త లైనులో ఆ ఖాళీ గడి ఖాళీగానే ఉంటుంది. తెర మీద మనిషి కనబడతాడు, కానీ తలుపు వెనక మనిషి కోసం ఫోను చేయడానికి నెంబరుండదు.

"మీ నెంబరు పెట్టనా?" అంది కంప్యూటరమ్మ. "ఇదే నెంబరు. కూతురు అని కాకుండా."

"మరి ఏమని?"

"మీరేమవుతారు వాళ్ళకి?"

టైలరు మిషను చక్రం మీద చెయ్యి పెట్టి అటూ ఇటూ తిప్పాడు, సూది గుడ్డలో దిగలేదు, ఊరికే కిందికీ పైకీ ఆడింది.

"అంటే ఆవిడ పేరు పోతుంది."

"పోతుంది."

"నేను ఎత్తితే మాట్లాడాలి."

"మాట్లాడాలి."

"ఆలోచించుకుంటానమ్మా," అని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. ఆమె మెట్లు దిగుతుంటే వెనకనుంచి పిలిచాడు. "అల్లుడు అని ఉంటుందా మీ మిషన్లో?"

లేదు. చుట్టరికాల వరసలో కొడుకు, కూతురు, భార్య, భర్త మాత్రమే ఉన్నాయి. శుక్రవారం పొద్దున ఆమె ఆ వరసలో కొత్త మాట ఒకటి చేర్చింది. తర్వాత మెసేజ్‌ల దగ్గరికి వచ్చింది. మనిషికొకటి కాకుండా, ఒకే నెంబరుకు చెందినవాళ్ళందర్నీ ఒక గుంపు చేసి, అందరూ ఎక్కాక ఒక్కటి, దిగాక ఒక్కటి మెసేజ్ పోయేలా ప్రశ్నని తిరగరాసింది. నెంబరుకి పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. మెసేజ్ కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారు. మాటలు ఏం పెట్టాలో ఆమెకి తోచలేదు. అందరూ మామలే కాదు, అత్తలూ ఉన్నారు. కొట్టింది, చెరిపింది, చివరికి అందరికీ సరిపోయే మాట ఒకటి పెట్టింది.

పదిహేడు వరసల్లోనూ 'కూతురు' తీసేసి 'అల్లుడు' అని పెట్టడం ఒక్క లైను పని. ఆమె ఒక్క లైనులో చేయలేదు. ఒక్కొక్క మనిషినీ తెరిచి, ఫొటో చూసి, మార్చి, మూసింది. గంట తాతది ఆఖరున మార్చింది.

మధ్యాహ్నం డ్రైవరు ఆఖరి మనిషిని దింపి ఫోన్ చేశాడు. తెర మీద మెసేజ్ వెళ్ళింది. అందింది. 'చదివారు' అని పడలేదు. కొత్తమ్మాయి కూడా స్టూలు జరుపుకొచ్చి చూస్తూ కూర్చుంది.

"చేసి చూడక్కా."

ఆమె నొక్కింది. మోగింది. ఎత్తారు. టకటకటక, ఆగింది. ఊపిరి.

కొత్తమ్మాయి ఆమె మణికట్టు పట్టుకుంది.

"హలో," అంది అవతలి గొంతు. ఎండిపోయిన గొంతు. దగ్గి, మళ్ళీ అంది. "హలో. నేను... అల్లుణ్ణి మాట్లాడుతున్నా. ఎవరికైనా ఏమైనా అయిందా?"

"ఎవరికీ ఏం కాలేదండీ. మెసేజ్ వచ్చిందా లేదా అని చేశాను."

"ఉండమ్మా, కళ్ళజోడు..." బల్ల మీద ఏదో కదిలిన చప్పుడు. తర్వాత కూడబలుక్కుంటూ, ఇంట్లో ఇంకెవరికో వినిపించేలా పైకి చదివాడు. "మీవాళ్ళందరూ క్షేమంగా ఇంటికి చేరారు."

ఆమె కిటికీ పక్క కుర్చీని చూసింది. మెత్త మీద ఎండ పడింది.

"అందరూనా అమ్మా?" అన్నాడు.

"అందరూనండీ."

అవతల మిషను మళ్ళీ మొదలైంది. ఫోను పెట్టేయడం ఆయన మర్చిపోయాడు. ఆమె కూడా పెట్టెయ్యలేదు.